నిలబెట్టి చూపించిన బిడ్డ

నా పేరు కరుణ. అల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో నన్ను 'అనుమానాలక్క' అంటారు. ఎదురుగా అనరు, నేను సందు మలుపు తిరిగాక అంటారు. ఒకామె మాత్రం మొహం మీదే అనేసింది.

"పేరేమో కరుణ, చూపేమో పోలీసు చూపు. మీ అమ్మ నీ మొహం చూడకుండానే పేరు పెట్టేసినట్టుంది."

నేను నవ్వి, ఆమె కొడుకు మోకాళ్లు చూసి, అర్హుడని రాసుకుని వచ్చాను. ఎప్పుడూ నేల మీద పాకే పిల్లవాడికే మోకాళ్లు అట్లా కాయలు కాస్తాయి. ఆమె నన్ను తిట్టినా, ఆ కాయలు ఆమె తరఫున సాక్ష్యం చెప్పాయి.

వికలాంగుల పింఛన్లకు ఇల్లిల్లూ తిరిగి పరిశీలించడం నా పని. అందులోనూ నాకు ఎక్కువగా అప్పజెప్పింది పిల్లల కేసులు. ఈ మధ్య మోకాళ్లు సహకరించక పని మానేశాను. నా చోటుకు వచ్చిన ఇద్దరమ్మాయిలు, పని ఎట్లా చేయాలో చెప్పమన్నారు. దరఖాస్తు నింపడం వాళ్లకు నాకన్నా బాగా తెలుసు, ఫోన్లోనే నింపేస్తారు. అది నేను రాయను. పింఛను ఇప్పించడం మన పని అనుకోకండి, ఆపడం మన పని అని అంతకన్నా అనుకోకండి. చూసి రావడం మన పని. చూడటం ఎట్లాగో మాత్రం రాస్తాను.

రొయ్యల షెడ్డులో నేర్చిన శాతం

నేను బడికి పోయింది ఏడో తరగతి దాకానే. పెళ్లయిన కొత్తలో రొయ్యల తలలు తీసే షెడ్డుకు కూలికి పోయేదాన్ని. తల తీసిన రొయ్యను తూచి కూలి కట్టేవాళ్లు. తూచాక, 'నీళ్ల బరువు' అని గుమస్తా కొంత శాతం కోసేవాడు. శాతమంటే ఏమిటో నాకప్పుడు సరిగ్గా తెలియదు. కోసేవాడి మీద మాత్రం గట్టి అనుమానం ఉండేది.

మా మరిది పాత లెక్కల పుస్తకం తెచ్చుకుని శాతాలు నేర్చుకున్నాను. ఒకరోజు నా గంపలోని రొయ్యను నీళ్లు కారిపోయేదాకా వేలాడదీసి, మళ్లీ తూకం వేయించాను. పక్కనున్న ఆడవాళ్లందరూ చేతులు కడుక్కుని చూడటానికి చేరారు. గుమస్తా కోసింది సరిగ్గానే ఉంది.

"ఇప్పుడేమంటావమ్మా?" అన్నాడు గుమస్తా.

"ఇప్పుడు నమ్ముతున్నానంటా" అన్నాను.

అనుమానం తప్పని తేలితే పోయేదేమీ లేదు. తూచకుండా నమ్మినా, తూచకుండా కాదన్నా, రెండూ ఒకటే.

ఈ ఉద్యోగంలోకి వచ్చాక మళ్లీ శాతం ఎదురైంది. పిల్లవాడికి ఇంత శాతం వైకల్యం అని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు. ఆ అంకెను బట్టే పెద్ద పింఛనా, చిన్న పింఛనా, అసలు లేదా అనేది. రొయ్యకైతే కాటా ఉంది. పిల్లవాడి కాలును ఏ కాటా మీద పెడతారు? డాక్టర్లను తప్పుపట్టడం లేదు. ఒక్కపూటలో అంతమంది పిల్లలను చూసే మనిషికి అంతకన్నా కుదరదు. కానీ ఆ కాగితం మీద అసలు కనిపించని లెక్క ఒకటుంది. సాయం బిడ్డ పేరు మీద వస్తుంది, కూలి మానుకుని ఇంట్లో కూర్చున్నది తల్లి. ఆమె మానుకున్న పని ఎంత అని అడిగే గడి ఏ దరఖాస్తులోనూ నేను చూడలేదు. అడగనిది కూడా చూసి రావాలి.

గొడుగు

అనుమానం ఎందుకు కావాలో కూడా చెప్పాలి, లేకపోతే నేను ఊరికే అందరినీ ఏడిపించానని అనుకుంటారు.

ఒక పల్లెలో మెడ నిలవని పాపను చూపించారు. ఎండకు నేనొక పూల గొడుగు వేసుకుపోయేదాన్ని. ఆ పాప గొడుగు వైపు చేయి చాచింది. ఇస్తే పిడి పట్టుకుని వదల్లేదు, విడిపిస్తే ఒకటే ఏడుపు. కొన్నాళ్లకు కాలువ అవతలి పల్లెలో వేరే ఇంటికి పోయాను. వేరే పేరు, వేరే తల్లి, ఒళ్లో పాప. గడపలో అడుగు పెట్టానో లేదో, నా చంకలో గొడుగు చూసి పాప మొహం విప్పారింది. చేయి చాచింది.

"మీ పాపకు నా గొడుగు ముందే తెలిసినట్టుందే" అన్నాను.

ఆ తల్లి పాప చేతిని వెనక్కి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. "మా అక్క బిడ్డ. ఇయ్యాలొక్కరోజుకు తెచ్చుకున్నా" అంది చివరికి. "నా బిడ్డ పోయింది మేడమ్. కాగితం మాత్రం ఉండాది."

ఆ పింఛను నేను ఆపాను. ఆపాల్సిందే. ఆపాక ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, ఆమె ఏడుపు అయ్యేదాకా కూర్చుని వచ్చాను. రెండూ మన పనే.

అప్పటినుంచి ఇంట్లో పెద్దవాళ్ల మాటలకన్నా, బిడ్డ ఎవరిని చూస్తోంది, దేన్ని చూస్తోంది అన్నదే ముందు చూసేదాన్ని.

ఫొటోల సారు

నా పైఅధికారుల్లో ఒకాయన గురించే రాస్తాను. రాఘవయ్య గారు. నిజాయితీ మనిషి, పల్లెల్లో ఎవరింట్లోనూ టీ కూడా తాగేవారు కాదు. ఆయనకు మనుషుల మీద నమ్మకం లేదు, ఫొటోల మీద ఉంది. "ఫొటోకి కులం లేదు, మతం లేదు, చుట్టాలు లేరు" అనేవారు.

"అంచులున్నాయి సార్" అన్నాను ఒకసారి. "అంచుకు అవతల ఏముందో అది చెప్పదు."

"కరుణమ్మా, నీకు అనుమానం లేనిది ఈ లోకంలో ఏదన్నా ఉందా?"

"సముద్రం ఉప్పగా ఉంటుందని నమ్ముతా సార్."

"రుచి చూసినావా?"

"చూసినా సార్."

ఆయన పగలబడి నవ్వారు. మంచి మనిషే. కానీ మనుషులను నమ్మనివాడు ఫొటోను నమ్మితే అది సగం అనుమానమే. సగం అనుమానం ప్రమాదం. ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వాళ్లను అనుమానించి, ఫిర్యాదును అనుమానించకుండా వదిలేస్తుంది.

మస్తానమ్మ కొడుకు

ఒకరోజు సారు నన్ను పిలిచి, పేరు లేని ఫిర్యాదుతో ఫోన్లోకి వచ్చిన ఒక ఫొటో చూపించారు. సముద్రం ఒడ్డు. సాయంకాలం వెలుతురు. వలల కుప్ప వెనక ఒక పిల్లవాడు నిటారుగా నిలబడి ఉన్నాడు. ఎవరూ పట్టుకోలేదు. నోరు తెరుచుకుని దక్షిణం వైపు ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆకాశంలో తెల్లటి పొగ చార. శ్రీహరికోట నుంచి రాకెట్టు పోయిన సాయంత్రం అన్నమాట. అట్లాంటి రోజు మా ఒడ్డు పల్లెల్లో అందరూ ఇసుకలోనే ఉంటారు, అందరి చేతుల్లోనూ ఫోన్లుంటాయి.

పిల్లవాడి పేరు వంశీ, తొమ్మిదేళ్లు. పుట్టినప్పటినుంచి కాళ్లు, నడుము స్వాధీనంలో లేవని పెద్ద పింఛను వస్తోంది. తల్లి మస్తానమ్మ. తండ్రి శీనయ్య సముద్రం మీద చేపల వేటకు పోతాడు. ఈ మధ్య అందరికీ మళ్లీ జరిపిన క్యాంపులో డాక్టరు వంశీ శాతం బాగా తగ్గించి, 'తల్లి చెప్పిన ప్రకారం నిలబడగలడు' అని రాశాడు. పింఛను ఆపుతామని నోటీసు పోయింది. మస్తానమ్మ అప్పీలు పెట్టుకుంది. రెండో క్యాంపు లోపల నేను పోయి చూసి రిపోర్టు ఇవ్వాలి. అది ఆమెకు ఆఖరి అవకాశం.

"తల్లి చెప్పింది. డాక్టరు రాసినాడు. ఫొటో వచ్చింది. మూడూ కలిసినాయి. ఇంకేం కావాలి?" అన్నారు సారు.

"మూడూ అంత బాగా కలవడమే సార్ నాకు నచ్చనిది" అన్నాను.

చెప్పకుండా మిట్టమధ్యాహ్నం పోయాను. వంశీ కుర్చీలో ఉన్నాడు. రెండు వైపులా దిండ్లు, నడుముకు పాత చీర ముక్కతో కుర్చీకి కట్టు. తల దువ్వి, పౌడరు రాసి, ఉతికిన చొక్కా తొడిగారు. నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది. మధ్యాహ్నం పూట ఏ ఇంట్లో బిడ్డ అట్లా ఉంటాడు?

"నేను వస్తున్నానని ఎవరు చెప్పినారు?" అన్నాను.

"ఎవురు చెప్తారక్కా?"

"మరి ఈ ముస్తాబు ఏంది?"

మస్తానమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నా బిడ్డను మురికిగా చూపించాల్నా ఏంది, మీ పింఛను కోసరం? వాడు రోజూ ఇట్టానే ఉంటాడు. పక్కింట్లో అడుక్కోండి."

అడిగాను. రోజూ అట్లానే ఉంటాడట. తిరిగి వచ్చి అసలు మాట అడిగాను. "నిలబడతాడా?"

ఆమె కొడుకు వైపు తిరిగింది. వంశీ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. "నిలబడతాడక్కా" అంది. "సాయంత్రం రండి, చూపిస్తా."

పింఛను పోతుందని తెలిసీ ఈ మాట ఎవరు చెబుతారు? అబద్ధమైతే డబ్బు తెచ్చేది ఆడాలి గానీ, పోగొట్టేది ఎందుకు ఆడుతుంది? పోయేలోపల ఆమె చేతులు చూశాను. రెండు మణికట్లకూ గుడ్డ పట్టీలు చుట్టుకుని ఉంది. నన్ను పంపించడానికి లేస్తూ నడుము పట్టుకుని, ఒక చేయి గోడకు ఆనించింది. నిలబడేవాడి తల్లి నడుము అట్లా ఉండదు.

ఇసుక

సాయంత్రం మస్తానమ్మ కొడుకును చంకనేసుకుని ఒడ్డునున్న సరుగుడు తోట దాటింది. తొమ్మిదేళ్లవాడి కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. అల తగిలి వెనక్కి పోయే చోట, తడి ఇసుకలో వాడిని పడుకోబెట్టి, కొబ్బరి చిప్పతో గుంత తవ్వింది. వాడిని ఎత్తి నడుము దాకా ఆ గుంతలో దించింది. చుట్టూ ఇసుక పోసి, కాలితో తొక్కి గట్టిపరిచింది. తర్వాత చేతులు తీసేసింది.

వంశీ నిలబడ్డాడు.

అల వచ్చి గుంత అంచు తాకినప్పుడల్లా గొంతులోంచి ఒక కేక వేస్తున్నాడు. సంతోషం కేక. మస్తానమ్మ పక్కన కూలబడి నడుము పట్టుకుంది.

"తడి ఇసకలో పెడితే కాళ్లకు బిగువొస్తాదని మా అత్త చెప్పింది. అప్పుటినించీ రోజూ తెస్తుండా" అంది.

ఇసుక కాళ్లు బాగుచేస్తుందని నేను నమ్మను. తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే ఆమె కూడా పెదవి విరిచింది. అయినా అప్పుడు ఆ మాట అనలేదు.

"ఇసక తీసేస్తే?" అని అడిగాను.

"తీసేస్తే నేనుంటా కదక్కా."

నేను లేచి వలల కుప్ప అవతలికి పోయాను. ఫొటో తీసినవాళ్ల కాళ్లు ఎక్కడ ఉండి ఉంటాయో అక్కడ నా కాళ్లు పెట్టి చూశాను. అక్కడి నుంచి గుంత కనపడదు. నడుము నుంచి పైకి ఒక పిల్లవాడు, ఎవరి సాయం లేకుండా, సముద్రం ముందు నిటారుగా నిలబడి కనపడతాడు.

"రాకెట్టు పోయినరోజు వీడికి ఫొటో ఎవరన్నా తీసినారా?" అని అడిగాను.

"మా సుగుణ తీసినాది. మా మరిది పెళ్లాం."

"మీ ఇద్దరికీ గొడవలేమన్నా ఉన్నాయా?"

"గొడవల్లేని తోడికోడళ్లు యాడన్నా ఉండారా అక్కా? కొళాయి కాడ రోజూ ఉండాది."

నా మనసులో కేసు అయిపోయింది. అయినా తూచకుండా నమ్మకూడదు కదా. సుగుణ ఇంటికి పోయి, ఫిర్యాదు ఎందుకు పంపావని సూటిగానే అడిగాను. ఆమె బిత్తరపోయి, ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఫొటో ఆమె పంపింది ఆఫీసుకు కాదు, వాళ్ల ప్రార్థన గ్రూపుకు. కింద రాసుకుంది: 'మా వంశీ నిలబడ్డాడు. దేవునికి స్తోత్రం.' దాని కింద వరసగా హల్లెలూయాలు.

"సాక్ష్యం పంపించినానక్కా" అంది సుగుణ. "ఫిర్యాదు పంపిస్తానా, నేనెత్తుకుని పెంచిన బిడ్డ మీద?"

"ఇసక సంగతి నీకు తెలుసు కదా. అది ఎందుకు రాయలేదు?"

"రాకెట్టు పోతావుంటే వాడు తలకాయెత్తి చూసినాడక్కా, అదెంతదూరం పోతే అంతదూరం. వాడంతసేపు తలెత్తింది నేనెప్పుడూ చూళ్లా. అప్పుడు ఇసక నాకు గుర్తొస్తాదా?"

నేనూ ఆ ప్రార్థనల్లో పెరిగినదాన్నే. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ఇసుక సంగతి చెప్పరు. అది అబద్ధం కాదు. సంతోషం కూడా ఫొటో లాంటిదే, దానికీ అంచులుంటాయి.

ఆ గ్రూపులోంచి ఫొటోను ఆఫీసుకు చేరవేసింది ఎవరో తేలలేదు. నాకు ఒకరి మీద అనుమానం ఇప్పటికీ ఉంది. కాటా మీద పెట్టి చూడలేదు కాబట్టి పేరు రాయను.

ఆమె చెప్పనన్న మాట

ఇక మిగిలింది మస్తానమ్మ. రెండో క్యాంపులో డాక్టరు అదే ప్రశ్న అడుగుతాడు. ఆమె అదే జవాబు చెబితే నా రిపోర్టు ఎంత బాగున్నా నిలవదు.

"నిలబడలేడు అని చెప్పు. ఒక్క మాట. అది నిజం" అన్నాను.

"చెప్పలేనక్కా."

"ఎందుకు?"

"వాడు ఇంటాడు. వాడికి మాట రాదు గానీ అన్నీ తెలుసు. పోయినసారి డాక్టరు అడిగినప్పుడు నా మొహమే చూస్తుండాడు. వాడి ముందర నేను వాణ్ణి చేతగానోడని ఎట్టా అనేది?"

"పింఛను పోతుంది మస్తానమ్మా. నీకు రొయ్యల షెడ్డు పని కూడా లేదు. వీడిని వదిలి పోలేవు."

"తెలుసు."

"తెలిసీ?"

"మీకు బిడ్డలుండారా అక్కా?" అంది. ఉన్నారన్నాను. "వాళ్ల మొహం మీద ఎప్పుడన్నా అన్నారా, నువ్వు పనికిరావని?"

అన్నాను, చాలాసార్లు. నా పిల్లలు పరుగెత్తుకుంటూ పోయి ఆడుకున్నారు. వంశీ ఎక్కడికీ పోలేడు. ఆ మాట దగ్గరే కూర్చోవాలి.

ఇది మీకు కేసు కేసుకూ ఎదురవుతుంది. సాయం కావాలంటే తల్లి తన బిడ్డ ఏమేం చేయలేడో బిడ్డ ముందే వరసగా చెప్పాలి. మంచి తల్లి ఆ పరీక్షలో తప్పుతుంది. కాబట్టి ఆ ప్రశ్న అడగకండి.

"అయితే వాడి గురించి ఏమీ చెప్పొద్దు. నీ గురించి చెప్పు" అన్నాను. "నిద్ర లేచినకాడి నుంచి నీ చేతులు ఏమేం చేస్తాయో చెప్పు."

ఆమె చెప్పింది. మంచం మీద పక్కకు తిప్పడం, కడగడం, అన్నం మెత్తగా పిసికి తల వెనక్కి వాల్చి పెట్టడం, గొంతు దిగిందో లేదో వేలు పెట్టి చూడటం, కుర్చీలో కట్టడం, విప్పడం, ఇసుకకు మోసుకుపోవడం, మోసుకురావడం. ఆమె చెబుతుంటే వంశీ నవ్వుతున్నాడు, తనను గురించి ఏదో గొప్ప కథ చెబుతున్నట్టు. నేను ఆ మాటలే రిపోర్టులో రాశాను. ఫొటో ఎక్కడి నుంచి తీసిందో, గుంత ఎందుకు కనపడలేదో కూడా రాసి, అదే చోటు నుంచి ఒక ఫొటో, గుంత పక్క నుంచి ఒక ఫొటో జతచేశాను. రాఘవయ్య గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "అంచులు" అని మాత్రం అన్నారు.

రెండో క్యాంపు

క్యాంపుకు నేనూ పోయాను. పోవాలని నిబంధన లేదు. ఆమె ఏమంటుందోనన్న భయం. వేరే డాక్టరు. నా రిపోర్టు తిరగేశాడు, కాళ్లు వంచి చూశాడు, చివరకు తల ఎత్తి అడిగేశాడు.

"నిలబడతాడా అమ్మా?"

వంశీ తల్లి మొహంలోకి చూశాడు. నేను నేల వైపు చూశాను.

"నిలబడతాడు సార్" అంది మస్తానమ్మ. నా రిపోర్టు పోయిందనుకున్నాను. "ఇసకన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

డాక్టరు కలం కింద పెట్టాడు. "సరే. ఒకసారి నిలబెట్టు."

ఆమె వాడిని చంకల కింద పట్టి నేల మీద నిలబెట్టింది. పాదాలు పక్కకు వాలిపోయాయి. బరువంతా ఆమె మణికట్ల మీద ఉంది.

"ఒక చెయ్యి తియ్యి."

మోకాలు వాడి వీపుకు ఆనించి, ఒక చేయి తీసింది. వాడి నడుము ఒకపక్కకు ఒరిగింది. కళ్లు మాత్రం ఆమె మీదే ఉన్నాయి.

"ఇంకోటి?"

"ఇంకోటి తియ్యను సార్."

డాక్టరు మళ్లీ కలం అందుకున్నాడు. రాసుకున్నాడు. 'ఆధారం లేకుండా నిలబడలేడు' అని రాస్తుంటే పక్కన నిలబడి చదివాను. పింఛను ఆగలేదు.

బయట వేపచెట్టు కింద సుగుణ కాచుకుని ఉంది. "ఏమన్నాడక్కా డాక్టరు?" అని పరుగెత్తుకుని వచ్చింది.

మస్తానమ్మ కొడుకును చంకలోకి ఇంకాస్త ఎగేసుకుని, వాడికి వినపడేటట్టు గట్టిగా చెప్పింది. "నిలబడతాడని రాసుకున్నాడు."

వంశీ ఆమె మాట విని, మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. ఇన్నేళ్లు నేను ఎంతమందినో చూసిన చూపు అది. చెప్పింది నిజమేనా అని తూచే చూపు.

"అవునబ్బయా" అన్నాను. "అట్టానే రాసినాడు."

నమ్మాడో లేదో నాకు తెలియదు. చాలాసేపు నన్నే చూశాడు.